చర్చిలోకి తుపాకీ వద్దన్న పర్సిస్

పెళ్లయి ముప్ఫయ్యేళ్లయినా, మా ఆవిడ పర్సిస్‌కి భయం అనేది ఉందో లేదో నాకు తేలలేదు. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడ అమెరికాలో ఎమర్జెన్సీ వార్డులో ఇరవై రెండేళ్లు పనిచేసింది. రక్తం కనబడితే నేను కుర్చీ వెతుక్కుంటాను. ఆవిడ గ్లోవ్స్ వెతుక్కుంటుంది. బెంటన్‌విల్‌లో మా తెలుగు చర్చికి వచ్చే నలభై మందిలో ఎవరికి జ్వరం తగిలినా ముందు ఫోన్ ఆవిడకే, పాస్టర్ గారికి తర్వాత.

నా పేరు సుందర్ రాజ్. నాకు భయం ఎక్కువ, కోపం అంతకంటే ఎక్కువ. 2012 డిసెంబర్‌లో బడిపిల్లల మీద కాల్పులు జరిగిన వార్త చూశాక నాకు వారం రోజులు అన్నం సయించలేదు. వెళ్లి పిస్తోలు కొన్నాను. దాన్ని వెంట పెట్టుకుని తిరగడానికి కావాల్సిన లైసెన్స్ క్లాసుకి పేరిచ్చాను.

"నేనూ వస్తా" అంది పర్సిస్.

"నీకెందుకు?"

"ఇంట్లోకి వచ్చేదేంటో నాకు తెలియొద్దా?"

తీరా చూస్తే గురి పరీక్షలో నాకంటే ఆవిడకే ఎక్కువ మార్కులు! నేర్పినాయన అందరి ముందూ మెచ్చుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అంతా అయ్యాక లైసెన్స్‌కి మాత్రం అప్లై చేయనంది, నేర్చుకోవడం వరకే తన పని అంటూ.

2013లో మా రాష్ట్రంలో చట్టం మారింది. లైసెన్స్ ఉన్నవాళ్లని తుపాకీతో లోపలికి రానివ్వాలో వద్దో ఏ చర్చికా చర్చే తేల్చుకోవచ్చు. మా కమిటీ సంగతి చెప్పేదేముంది, ఒక్క మాట తేలడానికి ఏడాది పట్టింది. రానివ్వాలని తీర్మానం పెట్టింది నేనే. 2014 జనవరిలో ఒక ఆదివారం ఓటింగ్ అన్నారు.

ఇంట్లో రోజూ ఇదే గొడవ.

"లోడ్ చేసే తిరుగుతారా?"

"లేకపోతే దేనికి, మేకులు కొట్టుకోవడానికా? నాలాంటి జాగ్రత్తపరుడి దగ్గర ఉంటే ఎవరికీ ఏం కాదే!"

ఓటింగ్‌కి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, నవోమి వాళ్లింట్లో ప్రార్థన కూటం. నవోమి మా చర్చిలో పాటలు నడిపించే అమ్మాయి. మూడేళ్ల కూతురు లిడియా. చలికాలం కూటాలంటే మాకో పద్ధతి ఉంది. అందరి కోట్లూ బెడ్‌రూమ్‌లో మంచం మీద కుప్ప పోస్తాం. నిద్రకొచ్చిన పిల్లల్ని ఆ మెత్తటి కుప్ప మీదే పడుకోబెడతాం. పెద్దలం హాల్లో కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. అలా కూర్చుంటే నడుముకున్న పిస్తోలు పొట్టలో గుచ్చుకుంటుంది. అందుకని దాన్ని తీసి కోటు జేబులో పెట్టాను. కోటు తీసుకెళ్లి కుప్ప మీద పడేశాను.

రెండో పాటలో పర్సిస్ తన కోటులో ఉన్న కళ్లజోడు తెచ్చుకుంటానని లేచింది. పాట సగంలో ఉండగా నాకు జేబు సంగతి గుర్తొచ్చింది. పరుగున వెళ్లి గుమ్మంలో ఆగిపోయాను.

లిడియా నిద్ర లేచి కోట్ల మధ్య కూర్చుని ఉంది. నా పిస్తోలు రెండు చేతుల్లో పట్టుకుని గొట్టంలోకి చూస్తోంది. మంచం పక్కనే పర్సిస్ మోకాళ్ల మీద ఉంది. నేను అరవబోయాను. ఆవిడ వెనక్కి తిరక్కుండానే నా వైపు అరచెయ్యి చూపించింది.

"లిడియా బంగారం, అది ఆంటీకి ఇస్తావా?"

"నో. ఇది నాది."

"సరేలే. అటు కిటికీ అవతల ఉడత ఉందేమో చూస్తావా?"

పిల్ల అటు తిరిగింది. పర్సిస్ ఎడం చేత్తో గొట్టం పట్టి గోడవైపు తిప్పి, కుడి చేత్తో ఆ చిన్న వేళ్లని ఒక్కొక్కటీ విడదీసింది. తర్వాత తూటాల పెట్టె లాగేసింది. పిస్తోలు పైభాగం వెనక్కి లాగగానే లోపల మిగిలిన తూటా ఒకటి ఎగిరి నా కోటు మీద పడింది. నేను వెనక తలుపు దగ్గరగా వేశాను.

"నవోమికి చెప్పకే. నీ కాళ్లు పట్టుకుంటాను."

"చెప్పేది నేను కాదు, మీరు. భోజనాలకి ముందే. పిల్ల ఆవిడదండీ."

చెప్పాను. నవోమి కూతుర్ని గుండెకి హత్తుకుని, "అంకుల్, మీరా?" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది. అందరి ముందూ ఏడ్చేశాను.

మర్నాడు చర్చిలో ఓటింగ్‌కి ముందు లేచి, జరిగింది జరిగినట్టు మళ్లీ చెప్పాను. ఇక తీర్మానం పోయినట్టే అనుకున్నాను. అప్పుడు జగన్మోహన్ లేచాడు. నాతోపాటు లైసెన్స్ తీసుకున్న కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్.

"సారీ అంకుల్, అది మీ కేర్‌లెస్‌నెస్. దానికి మా అందరినీ ఆపితే ఎలా? ఎవడైనా లోపలికొచ్చి కాలిస్తే ఏం చేస్తారు? మేం జాగ్రత్తగా ఉంటాం కదా."

చాలా తలలు ఊగాయి. నాకు కోపం రావాలి, రాలేదు. ఏడాదిగా నేను వల్లించిన మాటలే అవి.

పర్సిస్ చీరకొంగు తల మీదికి సర్దుకుని లేచింది.

"జగన్ అన్నది నిజమే. ఎవడైనా రావచ్చు. వాడి కోసం తలుపు దగ్గర నేను నిలబడతా, ఇవాళ్టి నుంచే. ఒక్కటి చెప్పండి. మీలో అజాగ్రత్తగా ఉండబోయేవాళ్లు ఎవరో చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"మొన్న అడిగుంటే మా ఆయనా ఎత్తేవాడు కాదు" అని కూర్చుంది.

నా తీర్మానానికి నాలుగు ఓట్లు పడ్డాయి. అందులో నాది లేదు.