నేను తోసిన మోటార్ సైకిల్

మా ఆయన బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. ఈ ముక్క ముందే చెప్పాలి. ఆయన ఇంకే పని చేసేవాడైనా ఆ బ్యాటరీ గోల పదిహేను రోజుల్లో తేలిపోయేది, ఎవరో ఒక మెకానిక్కుకు చూపించేవాళ్లం. ఎలక్ట్రీషియన్ కాబట్టి నాలుగు నెలలు పట్టింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. మేము బెల్లంపల్లి అవతల బాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాకు అక్కడికి ఏడు మైళ్ల దూరంలో, ఇంకో కాలనీ బడిలో రెండో తరగతి పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. టెంపరరీ. దసరా సెలవులు అయ్యాక పర్మనెంటు చేస్తామన్నారు. ఆడపిల్లను హనుమకొండలో ఉంచి ట్రెయినింగు చేయించినందుకు మా బాపును మా కులపోళ్లు అనని మాట లేదు. "కలెక్టర్ను చేస్తవా ఏంది?" అని ఎదురుపడినప్పుడల్లా ఎత్తిపొడిచేవాళ్లు. పొద్దున నేను తరగతిలో అడుగు పెట్టగానే యాభై మంది పిల్లలు లేచి నిలబడితే ఆ మాటలన్నీ కొట్టుకుపోయినట్టుండేది. ఆ ఉద్యోగం నాకు ప్రాణం. ఈ మాట ఇప్పుడు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఉన్న ఒక్క బస్సు బడి గంట కొట్టిన ముప్పావు గంటకు ఆ కాలనీ చేరేది. సాయంత్రం తిరిగి రావడానికి పనికొస్తుంది గానీ పొద్దున పనికిరాదు. అందుకని పొద్దున నన్ను దించి రావడం మా ఆయన పని. ఆయనది సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం దాకా తీరికే. ఆయనకొక ఫట్‌ఫటి, అదే మోటార్ సైకిల్ ఉండేది. బాయిలో పనిచేసి స్వదేశం పోతున్న ఒక ఇంగ్లీషు ఆఫీసరు దగ్గర కొన్నాడు. నల్లటి ట్యాంకు, దాని మీద బంగారు గీత. ఆదివారం వచ్చిందంటే కొబ్బరినూనె గుడ్డతో ఆ ట్యాంకును తుడుస్తూ కూర్చునేవాడు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని మా పక్కింటి అవ్వ నవ్వేది. ఎందుకంటే అంత తళతళలాడే బండి పొద్దున లేస్తే కదిలేది కాదు.

ఆ బండికి బ్యాటరీలో పస లేకపోతే ప్లగ్గులో నిప్పు పుట్టదు. ఎంత తన్నినా దగ్గుతుంది తప్ప అందుకోదు. ఇక తోయాలి. తోసేది ఎవరు? నేను. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి, గొడుగూ సద్దిగిన్నె సంచీ భుజాన వేసుకొని, వెనక సీటు పట్టుకొని క్వార్టర్ల నడుమ ఉన్న నల్లా చుట్టూ పరుగెత్తాలి. అందుకుందా, ఆయన ఆపడు. ఆపితే మళ్లీ చస్తుందని భయం. మెల్లగా ఇంకో చుట్టు తిప్పుకొస్తూ "ఎక్కు, ఎక్కు" అని అరుస్తాడు. నడుస్తున్న బండి మీదికి నేను పక్కవాటుగా ఎగిరి కూర్చోవాలి. నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లందరికీ రోజూ ఉచితంగా సర్కస్. "ఇయ్యాల మూడు సుట్లకే లేసిందే!" అని లెక్క కూడా వాళ్లే చెప్పేవాళ్లు. పిల్లల ముందు పంతులమ్మలా నిలబడాల్సిన దాన్ని చెమటతో, మోచేతి దాకా ఇంజన్ నూనె మరకలతో చేరేదాన్ని.

మొదట్లో బ్యాటరీకి నిజంగానే రోగం ఉండింది. దాని మొనల మీద పచ్చగా తెల్లగా చిలుము పట్టి ఉంటే ఆయన వేడినీళ్లు పోసి కడిగి గీకాడు. లోపల మూడు గదుల్లో ఒకదాంట్లో నీళ్లు అడుగంటి ఉంటే దవాఖాన కంపౌండరును అడిగి డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చి పోశాడు. డైనమో విప్పి లోపల అరిగిన కార్బన్ బొగ్గులు మార్చాడు. ఎర్తు వైరు వదులుగా ఉంటే బిగించాడు. ఇదంతా మంచిగానే చేశాడు, కాదనను. ఆ తర్వాత, "గిప్పుడు దీన్ని ఒక్కసారి ఫుల్లుగ చార్జి చేస్తే మన పరేషాన్ ఖతం" అని బ్యాటరీని సంచిలో వేసుకొని బాయికి పట్టుకుపోయాడు.

బాయిలో ల్యాంపు రూము ఉంటుంది. లోపలికి దిగే కార్మికులు నెత్తిన పెట్టుకునే దీపాలకు నడుముకు కట్టుకునే బ్యాటరీలుంటాయి కదా, షిఫ్టు దిగినవాళ్లు వాటిని అక్కడ అప్పజెబితే వరసగా ఒక బోర్డుకు తగిలించి చార్జి చేస్తారు. అక్కడ పనిచేసే అతను మా ఆయనకు జిగ్రీ దోస్తు. నన్ను వదినా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. ఆ దీపాల మధ్యలో మా బండి బ్యాటరీని కూడా తగిలించేవాడు. షిఫ్టు అయ్యాక మా ఆయన దాన్ని తెచ్చి బండిలో బిగించేవాడు.

పొద్దున చూస్తే బండి చచ్చి ఉండేది.

"ఇంక నిండలే. ఇయ్యాల సుత పెడదాం" అనేవాడు. మళ్లీ సంచి, మళ్లీ ల్యాంపు రూము, పొద్దున మళ్లీ నేను నల్లా చుట్టూ. మళ్లీ డైనమో విప్పేవాడు. మళ్లీ బిగించేవాడు. నేను ఏమన్నా అంటే కరెంటు గురించి పాఠం మొదలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, గంటసేపు ప్లస్సూ మైనస్సూ అని చెప్పి చివరికి "ఇదంత నీకు సమజ్ కాదుతియ్" అని ముగించేవాడు. సమజ్ కాదని ముందే తెలిస్తే గంటసేపు ఎందుకు చెప్పినట్టో!

ఆషాఢంలో ఒకసారి, శ్రావణంలో ఒకసారి గంట కొట్టాక చేరాను. మా పెద్ద పంతులమ్మ కరీంనగర్ ఆవిడ, రూళ్లకర్రలాంటి మనిషి. రెండోసారి నన్ను పక్కకు పిలిచింది. "చూడు బిడ్డా, మూడోసారి అయితె నేను బడి కమిటీకి రాయక తప్పది. నీ జాగల చేరెతందుకు ఇద్దరు దరఖాస్తులు పట్టుకొని తిరుగుతున్నరు. దసరా దాక జర పైలం" అంది. ఆవిడ చెడ్డది కాదు. ఆలస్యం నాది కాదు, బండిదని చెప్పబోయాను గానీ, ఆ మాట నాకే వెకిలిగా అనిపించి మింగేశాను.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే ఆయన, "నేనుండంగ నీకెందుకు ఫికర్?" అన్నాడు. ఆయన ఉండడమే నా ఫికర్ అని ఎట్లా చెప్పను?

ఆ రోజు నుంచి నేను తలుపు వెనక సుద్దముక్కతో గీతలు గీయడం మొదలుపెట్టాను. ఏ రోజు ఎన్ని చుట్లు తోశానో అన్ని గీతలు. పంతులమ్మను కదా, లెక్క రాస్తే గానీ నా మనసు కుదురుకోదు. ఆ మధ్యలో ల్యాంపు రూము తమ్ముడు చెల్లె పెండ్లికని జమ్మికుంట పోయాడు. అతని బదులు వచ్చిన మనిషి బయటి బ్యాటరీ పెట్టనన్నాడు. అందుకని నాలుగు రోజులు బ్యాటరీ బండిలోనే ఉండిపోయింది. ఆ నాలుగు పొద్దులూ బండి రెండో తన్నుకే అందుకుంది. నల్లా దగ్గర ఆడవాళ్లు నిరాశపడ్డారు. తమ్ముడు పెండ్లి నుంచి వచ్చాడు, బ్యాటరీ ల్యాంపు రూముకు పోయింది, తెల్లవారి ఆరు చుట్లు.

మర్నాడు ఆయనను చెయ్యి పట్టుకొని తలుపు వెనక్కి తీసుకుపోయి గీతలు చూపించాను.

"ఇగో చూడు. ల్యాంపు రూముకు కొంటవోయిన రోజల్ల చస్తున్నది. కొంటవోని నాలుగు రోజులు బతికింది. రోగం బ్యాటరీల లేదు, గా ల్యాంపు రూములనే ఉన్నది."

ఆయన పగలబడి నవ్వాడు. "చార్జింగు పెడితె బ్యాటరీ దిగుతదానే? అన్నం తింటె ఆకలైతదా? గన్ని రోజులు చార్జి పెట్టింది జమ అయ్యి నాలుగు రోజులు నడిచింది. నువ్వు పిల్లలకు ఎక్కాలు చెప్పుకో. కరెంటు సంగతి నాకిడువు. తలుపంత ఖరాబ్ చేసినవ్" అని తడిగుడ్డతో గీతలు తుడిచేశాడు.

తర్వాత తమ్ముడితో కూడా చెప్పాడట. అతను నల్లా దగ్గర కనిపించి, "వదినా, మా బోర్డు మీద రోజు నాలుగు వందల దీపాలు నిండుతయ్. నీ ఒక్క బ్యాటరీ కాడనే ఖరాబైతదా?" అని నవ్వాడు. ఇద్దరికిద్దరు. నాలుగు వందల దీపాలు నిండిన మాట నిజమే. పోనీ ఒక్కసారి మీటరు పెట్టి చూడమని మా ఆయనను అడిగితే, "గింత బ్యాటరీకి మీటరా? నలుగురు నవ్వుతరు" అన్నాడు. పెద్ద పెద్ద మోటార్లు చూసే మనిషికి అది చిన్నతనమట!

చివరికి బ్యాటరీయే ముసలిదైపోయిందని తీర్మానించాడు. రైలెక్కి మహారాష్ట్రలోని చాందా పోయి కొత్తది తెచ్చాడు. నల్లటి డబ్బా, మూడు ఎర్ర మూతలు, దుకాణంలోనే యాసిడ్ పోసి చార్జి చేసి ఇచ్చారు. ఒక్క తన్నుకు బండి లేచింది. మూడు రోజులు ఒకే తన్ను. నేను చీర నలగకుండా, ఊపిరి ఎగబోయకుండా, గంటకు పావుగంట ముందు బడిలో ఉన్నాను. దసరా సెలవులకు పన్నెండు రోజులే మిగిలాయి. గండం గడిచిందనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం షిఫ్టుకు బయల్దేరే ముందు ఆయన బ్యాటరీ విప్పుతున్నాడు. ఆ రోజు ఆదివారం కాకపోయినా బడికి ఏదో సెలవు, నేను ఇంట్లోనే ఉన్నాను.

"ఎందుకు విప్పుతున్నవ్?"

"కొత్తది కదా. మొదట్లనే మంచిగ నింపుకోవాలె. ఒక్క దినం ల్యాంపు రూముల పెడితె ఏడాది చూడ పనిలేదు."

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "నీ కాళ్లు మొక్కుత. గీ ఒక్కటి కొంటవోకు. మంచిగనే నడుస్తుంది కదా."

"మంచిగ నడుస్తుంది కాబట్టే" అని నా భుజం తట్టి, నన్ను పక్కకు జరిపి, సంచి పట్టుకొని పోయాడు. నేను అరవలేదు. అరిస్తే నల్లా దాకా వినపడుతుందని ఆగాను. ఆ రోజు అరవనందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

తెల్లారి కిక్కు కొడితే బండి దగ్గను కూడా దగ్గలేదు. తోశాను. ముసురు పడుతోంది, నల్లా చుట్టూ బురద. రెండు చుట్లు, నాలుగు, ఏడు. ఎనిమిదో చుట్టులో కాలు జారి మోకాళ్ల మీద పడ్డాను. ఆయన వెనక్కి తిరిగి, "ఇంకొక్క సుట్టు" అన్నాడు. నేను లేచి, చేతుల బురద సంచికి తుడుచుకొని, రోడ్డు పట్టాను. మూడు మైళ్లు నడిచాక బొగ్గు లారీ ఒకటి ఆగింది. డ్రైవరు పెద్దమనిషి, నా అవతారం చూసి తలుపు తెరిచాడు. బడికి చేరేసరికి మొదటి పీరియడు అయిపోయింది. నా పిల్లలను మూడో తరగతిలో కూర్చోబెట్టారు, ఒకరి మీద ఒకరు.

పెద్ద పంతులమ్మ నా మోకాళ్ల వైపు చూసింది, తల దించుకుంది. మధ్యాహ్నం కమిటీ మనిషి వచ్చి వెళ్లాడు. చివరి గంటకు ముందు ఆవిడ నన్ను పిలిచి మడిచిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. "నిన్ను తీసేసుడు నాకు సుత మంచిగ అనిపిస్తలేదు బిడ్డా" అంది. నేను తరగతికి పోయి, మిగిలిన ఎక్కాలు చెప్పించి, పిల్లలను పంపేశాను.

గేటు బయటికి వస్తే హారన్ మోత. మా ఆయన! షిఫ్టు ఎగ్గొట్టి వచ్చాడు. బండి మీద కూర్చొని, పట్టపగలు హెడ్‌లైటు వేసి, మొహం చాటంత చేసుకున్నాడు. చుట్టూ బడి పిల్లలు మూగారు.

"దొరికిందే! దొంగ దొరికిండు!" అని అక్కడి నుంచే కేక వేశాడు. "పొద్దున నువ్వు పోయినంక నాకు రోషమొచ్చింది. మీటర్ పట్టుకొని సీదా ల్యాంపు రూముకు పోయిన. చూస్తే గా బోర్డు నాలుగు వోల్టుల దీపాలది! మనది ఆరు వోల్టుల బ్యాటరీ. అది మన దాంట్లకు కరెంటు పంపుడు కాదు, పల్లానికి నీళ్లు పారినట్టు మన దాంట్లకెల్లి గుంజుకుంటున్నది! ఇన్ని రోజులు మనం బాయి దీపాలు నింపినం! గరాజుల సరిగ్గ చార్జి చేయించిన. చూడు, చూడు" అని ఇంజన్ ఆపి, ఒక్క తన్ను తన్నాడు. వెంటనే అందుకుంది. "చూసినవా? నేను పట్టిన దొంగ."

నేను పట్టిన, అన్నాడు. సుద్దగీతలు ఆయనకు గుర్తుకే రాలేదు. గుర్తు చేయాలని నాకు కూడా అనిపించలేదు. అప్పటికి ఆ గెలుపు ఎవరిదైతేనేమి? నా పిడికిట్లో కాగితం చెమటకు మెత్తబడింది.

"ఎక్కవేందే? ఇగ నీకు రంది లేదు. రేపటి సంది గంటకు అరగంట ముందుగాలనే దించుత."

"రేపు నేను ఎక్కడికి పోవాలె?" అన్నాను.

ఇంజన్ చప్పుడులో ఆయనకు వినపడలేదు. నవ్వుతూనే చెవి ఇటు తిప్పాడు. నేను కాగితం ఆయన చేతిలో పెట్టి, అదే మాట మళ్లీ అడిగాను.