కాగితం కింది లేబుళ్లు

పాథాలజీలో పీహెచ్‌డీ మొదలుపెట్టిన ఐదో ఏట ఆమెకు ల్యాబ్ టెక్నీషియన్ మీద అనుమానం పట్టుకుంది. గైడు చెప్పిందని అతను నలభై స్లైడ్ల లేబుళ్ల మీద కొత్త నంబరున్న కాగితం అంటించి, మైక్రోస్కోపులో మళ్లీ చూడమని ఇచ్చాడు. గైడు పాత ఫలితాలతో పోల్చి చూస్తే, గతంలో ఆమె క్యాన్సరని తేల్చిన తొమ్మిదింటిలో ఇప్పుడు మామూలు కణాలే కనిపించాయి. థీసిస్ కుప్పకూలేలా ఉంది.

"కాగితం వంకతో స్లైడ్లు మార్చేశావు కదన్నా?"

"నాకేం పని తల్లీ? పీకి చూస్కో."

గోటితో పీకి చూసింది. కింద లేబుళ్ల మీది నంబర్లూ చేతిరాతా తనవే. ఆ తొమ్మిదింటి మీదా 'క్యాన్సర్ విభాగం నుంచి' అని కూడా తానే రాసుకుంది. అప్పట్లో చదివింది కణాలనా, ఈ మాటనా?

"మిగతా మూడొందలకీ కాగితం అంటించు."

"మూడొందలా! కోపముంటే తిట్టు తల్లీ, జిగురుతో చంపకు."

"కోపం నీ మీద కాదన్నా," అంటూ తన పాత ఫలితాల పట్టికను అడ్డంగా కొట్టేసింది.