ఆకురాయి ముక్కతో మూడు టూల్ బిట్లు

చోడవరంలో వ్యవసాయ యంత్రాలు బాగుచేసే ఒక వర్క్‌షాపుకు నన్ను ఫోర్‌మన్‌గా వేసేనాటికి నా సర్వీసు ఇంకా నాలుగేళ్ళు ఉంది. ఆ ఏటి చెరకు గానుగలు అప్పుడే ఆడటం మొదలుపెట్టాయి. ఫోర్‌మన్ అంటే పని పంచడం, కొలతలు సరిచూడటం, రిజిస్టరులో సంతకం పెట్టడం. లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ మీద చెయ్యి వేసేది టర్నరు. నేనూ టర్నరుగానే చేరాను గాని, హ్యాండిల్ పట్టి చాలా ఏళ్ళయింది.

ఒక శనివారం బుచ్చయ్యపేట వైపు నుంచి నూకాలమ్మ గారనే రైతు ఒక గన్‌మెటల్ నట్టును ఆటోలో పట్టుకొచ్చారు. గానుగ రోలర్లను బిగించే పెద్ద బోల్టు అందులోనే తిరుగుతుంది. లోపల చుట్లు తిరిగే మర పూర్తిగా అరిగిపోయింది. గానుగ ఆవిడదే, రసం కాచే పెనం ఆవిడదే, పాకం చూసేదీ ఆవిడే. రెండు పెనాలకు సరిపడా చెరకు అప్పటికే నరికించి కుప్ప వేయించారు. నరికిన చెరకు ఆగదు. రోజు గడిచేకొద్దీ రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. మా టర్నరు సెలవులో ఉన్నాడు. ఆదివారం నేనే కొత్త నట్టు చేసిస్తానని మాట ఇచ్చాను.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. నట్టు లోపల మర కొయ్యాలంటే బోరింగ్ బార్ అనే కడ్డీ చివర చిన్న రంధ్రంలో టూల్ బిట్ బిగించాలి. కోసేది ఆ బిట్టే. మర సగం లోతుకు వచ్చాక తొందరపడి ఒక్కసారే ఎక్కువ కోత ఇచ్చాను. బిట్ విరిగింది. ఆ రంధ్రంలో పట్టే హైస్పీడ్ స్టీలు బిట్ అదొక్కటే. అనకాపల్లి కొట్టుకు ఆదివారం సెలవు, సోమవారం బంద్.

నూకాలమ్మ గారు మా షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. తప్పు నాదేనని చెప్పాను.

"అయితే ఇప్పుడేటి సేస్తారు బాబూ?" అన్నారు.

హైస్పీడ్ స్టీలు రాకముందు టర్నర్లు కార్బన్ స్టీలుతో బిట్లు తామే చేసుకునేవారని శిక్షణ రోజుల్లో చదివాను. ఇనుము అరగదీసే ఆకురాయి అంతా కార్బన్ స్టీలే, అరిగిపోయినదొకటి షెడ్డులో ఉంది. చేత్తో ఎప్పుడూ చేయలేదు. సిగ్గుతో పాటు, అవుతుందో లేదో చూద్దామన్న కుతూహలం కూడా పుట్టింది.

ఆకురాయి నుంచి మూడు ముక్కలు విరిచి, కొలిమిలో ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చాను. నెమ్మదిగా చల్లారితే ఉక్కు మెత్తబడుతుంది, మరో ఆకురాయికి లొంగుతుంది. మధ్యాహ్నానికి మూడింటినీ మర కొలతకు అరగదీశాను. ఇక గట్టిపరచాలి. కొలిమి షెడ్డు వెనక, ఎండలో ఉంది. మొదటి ముక్క చెర్రీ ఎరుపుకు వచ్చిందనుకున్నాక నీళ్ళలో ముంచాను. టిక్కుమని చిన్న చప్పుడు. బిట్ నిలువునా చీలింది. విరిచి చూస్తే లోపల పంచదార పలుకుల్లా ముతక గింజ. ఉక్కు అతిగా కాగితేనే అలా ఉంటుంది. కాని నేను చూసింది మామూలు ఎరుపే కదా!

నూకాలమ్మ గారు ఆ ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "ఎండలో నిలబడి రంగు సూస్తన్నారేటి? మేం పాకం ఎండలో సూడం. ఎంత ముదిరినా లేతగానే అగుపిస్తాది."

అదే కారణం. ఎండ వెలుగులో ఎరుపు అసలుకన్నా తక్కువగా కనిపించింది. గోనెపట్టాలు కట్టి కొలిమికి నీడ చేశాం. పాత స్పీకరులోని అయస్కాంతం కూడా తెచ్చుకున్నాను. ఉక్కు తగినంత కాగితే అయస్కాంతానికి అంటుకోదు. అది వదిలేసిన వేడికి కాస్త పైకి తీసుకెళ్ళి రెండో ముక్కను ముంచాను. చీలలేదు. ఆకురాయి పెడితే గాజు మీద జారినట్టు జారింది.

అంత గట్టిదనం పెళుసు. దాన్ని కొంచెం తగ్గించడాన్ని టెంపరింగ్ అంటారు. బిట్‌ను మెరిసేలా రుద్ది, కాగిన ఇనుప పలక మీద పెట్టాను. వేడెక్కేకొద్దీ మెరుపు మీద రంగులు పాకుతాయి; లేత ఎండుగడ్డి రంగు రాగానే పట్టకారుతో తీసి పక్కన పెట్టాను. చూస్తుండగానే ఆ రంగు గోధుమ అయింది, ఊదా అయింది, మొనదాకా నీలం పాకింది. బిట్ మెత్తబడిపోయింది.

"దించీసినా లోపలి వేడి ఊరుకోదు బాబూ," అన్నారావిడ. "ఇంకా లేతగా ఉండగానే దించీయాలి. మరి మీకు నీళ్ళున్నాయి కదా, ముంచీరాదా?"

మూడోదాన్ని కూడా నీడలో అలాగే గట్టిపరచి, పలక మీద రంగు పొడచూపగానే నీళ్ళలో వేశాను. కార్బన్ స్టీలు వేడికి త్వరగా పదును పోగొట్టుకుంటుంది కాబట్టి లేత్‌ను అతి నెమ్మదిగా తిప్పుతూ, సబ్బునీళ్ళు పోస్తూ, వెంట్రుకవాసి కోతలతో మర పూర్తిచేశాను. రెండుసార్లు బిట్ తీసి సానబట్టాల్సి వచ్చింది. పొద్దు వాలేసరికి నట్టు బోల్టు మీద సాఫీగా తిరిగింది.

వారం తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. నట్టు బాగానే ఉంది. మొదటి పెనం బెల్లం మాత్రం నల్లగా, జిగురుగా దిగిందట. "రెండోది పరవాలేదు," అన్నారు. బిట్ విరగ్గొట్టి చెరకును ఇంకో పూట ఆపింది నేనే; మొదటిదాని నష్టంలో నా వంతు ఎంతో నాకు తెలుసు.

ఆ తర్వాత కొలిమికి రేకుల కప్పు వేయించాను. టర్నర్లకు ఒక అలవాటు నేర్పాను: బిట్ చెడితే దాని లోపలి గింజ చూడకుండా రెండోది మొదలుపెట్టకూడదు. వేడి ఎంత ఎక్కిందో ఆ గింజ చెబుతుంది. ఎందుకు ఎక్కిందో చెప్పదు. అందుకు మనం ఎక్కడ నిలబడి చూశామో చూసుకోవాలి.