చెవి కొస తెగిన పిల్లి

మా కాలనీలో పిల్లుల్ని ఎవరూ చంపరు. చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని భయం. అందుకని గోనెసంచిలో కట్టి ఎక్కడో దూరంగా వదిలేయిస్తారు. అలా చేస్తే పాపం అంటదని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకంతో నాకు ఇప్పటికీ తగవే.

మేడ్చల్ రోడ్డు నుంచి లోపలికి, జొన్నచేలు ప్లాట్లయిన చోట మా ఇళ్ళు లేచాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మేమంతా ఉద్యోగాల మీద కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళం. పిల్లులు మాకంటే ముందు నుంచే ఉన్నాయి. ఇసుక కుప్పల్లో ఈనేవి. పిల్లల్లో సగం కళ్ళు తెరిచేలోపే పోయేవి, మిగిలినవి లారీల కింద పడేవి. చూడలేక యాప్రాల్‌లో ఒక పశువుల డాక్టరుని అడిగాను. "తీసుకెళ్ళి వదిలేస్తే లాభం లేదమ్మా, ఆ ఖాళీలోకి కొత్తవి వస్తాయి. ఆపరేషన్ చేయించి ఉన్నచోటే ఉంచండి" అన్నాడు.

బోను కొన్నాను. ఎండుచేపలు ఎర పెట్టి, ఒక్కొక్కదాన్నీ ఆటోలో యాప్రాల్ తీసుకెళ్ళాను. మత్తులో ఉండగానే డాక్టరు ఎడమ చెవి కొస కత్తిరించేవాడు, ఆపరేషన్ అయిందని గుర్తుగా. అలా ఐదు పిల్లులయ్యాయి. ఆఖరిది చారల తల్లిపిల్లి. పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పి తిప్పి చివరికి మా సామాన్ల గదిలో దించింది. అవి బతకలేదు. అది మాత్రం మా గుమ్మాన్ని వదల్లేదు.

అసోసియేషన్ మీటింగులో ప్రెసిడెంటు గారు అందరి ముందూ అన్నారు: "మేడమ్, తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ తేవడం ఎందుకండీ? అక్కడే మర్చిపోయి రావలసింది." ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వినావిడ కూడా గుర్తుంది. నేను లేచి, చెవి తెగినవాటికి ఇక పిల్లలు పుట్టవు కాబట్టి వాటిని ముట్టుకోకూడదన్నాను. "సరే లెండి, వాటి జోలికి రాం" అని మాట ఇచ్చారాయన.

ఆ వేసవిలో అమ్మకు జబ్బు చేస్తే ఊరెళ్ళాను. తిరిగొచ్చేసరికి గుమ్మం దగ్గరి గిన్నె ఎండిపోయి ఉంది. ఒక్క పిల్లీ లేదు. పక్కింటావిడ చెప్పింది. ప్రెసిడెంటు గారు కూతురి సంబంధం మాట్లాడటానికి బయల్దేరుతుంటే చారల పిల్లి ఎదురొచ్చిందట. సంబంధం తప్పిపోయింది. "ఎదురొచ్చింది పిల్లి, అదీ చెవి తెగిన అవిటిది!" అని ఆయన మండిపడ్డారట. అంతకుముందు ఆయనకు పిల్లులన్నీ ఒకటే. వాటిని కాపాడటానికి పెట్టించిన గుర్తే వాటిని పట్టించింది. చెవి తెగినవన్నీ పట్టి తీసుకుపొమ్మని ట్రాలీ ఆటోవాడికి చెప్పారు.

ఆటో నడిపేది పాత ఊళ్ళోని సాయబు. అతన్ని పట్టుకుని నిలదీశాను.

"నాకేం దెలుసమ్మా! ప్రెసిడెంట్ సాబ్ జెప్పిండు, ఏసుకపోయి షామీర్‌పేట చెరువు అవతల ఇడ్సిపెట్టిన. పరేషాన్ గాకు, జాగ జూపిస్త రా" అన్నాడు.

బోను ఎక్కించుకుని వెళ్ళాం. తుప్పల్లో ఎంత పిలిచినా ఏదీ రాలేదు. పట్టు వదలక వారం వారం వెళ్ళాను. వానలు పడ్డాక ఒకనాడు, రోడ్డు పక్కన చేపలమ్మే ఆమె తట్ట వెనక కనిపించింది, చారలది. చిక్కిపోయింది. కుంటుతోంది. నన్ను చూసి లేచింది, రెండడుగులు వేసి ఆగిపోయింది.

"గిది నీదా అవ్వా?" అంది చేపలామె. "మస్తు పెంకిది. తలకాయలు ఏస్తేనే తింటది, తోకలు ముట్టది. దొరసాని!"

"నాదే. తీసుకుపోదామని వచ్చాను."

"తీస్కపో, నేనేమన్న కట్టేసిన్నా? గని ఈడ ఇడ్సిపెట్టినోల్లు మల్ల ఇడ్సిపెట్టరా?"

బోను తలుపు తెరిచి చాలాసేపు కూర్చున్నాను. చివరికి తలుపు మూసేసి, ఖాళీ బోనుతో తిరిగొచ్చాను.

గేటు దగ్గర ప్రెసిడెంటు గారు ఎదురయ్యారు. "ఏం మేడమ్, దొరికిందా?"

"దొరికింది. మీ మధ్యకి తేలేక అక్కడే వదిలేశాను."

ఆయన నవ్వారు. "మరి మేం చేసిందీ అదే కదండీ!"

బోను పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాను. తర్వాత ఆ ఇసుక కుప్పల్లోకి కొత్త పిల్లులు వచ్చాయి, ఈనాయి. ఆయనే మనిషిని పంపి నా బోను అడిగించారు. నేనివ్వలేదు. వాటిని నేనే పట్టి యాప్రాల్ తీసుకెళ్ళాను. ఆయనకు ఆనాడు చెప్పలేని జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. మీరు గోనెసంచుల్లో పంపినవి ఐదు. నేను చూసింది ఒక్కదాన్ని. మిగతా నాలుగూ ఏమయ్యాయని మీరు ఇంతవరకు ఎవరినీ అడగలేదు.