నల్లద్రాక్ష గుత్తులకు కళ్ళొచ్చిన రోజు

డిగ్రీ మూడో ఏడాదిలో ప్రాజెక్టు చేయాలనగానే మా జువాలజీ క్లాసులో సగంమంది సీతాకోకచిలుకల ఫోటోలు తీయడానికి సిద్ధమైపోయారు. మిగతా సగం సీనియర్ల పాత రిపోర్టులు వెతుక్కున్నారు. నేనూ, నా పక్కన కూర్చునే స్నేహితురాలూ మాత్రం మేడమ్ దగ్గరికెళ్ళి, కటిల్ ఫిష్ గుడ్లు పొదిగిస్తామన్నాం.

ఆలోచన ఆమెది. వాళ్ళది చేపల వేట మీద బతికే కుటుంబం. తెల్లారకముందే వాళ్ళమ్మ ఫిషింగ్ హార్బర్‌లో వేలానికి వెళ్ళి చేపలు కొనుక్కుని, ఎండెక్కేసరికి వీధుల్లో అమ్ముతూ ఉండేది. మా నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు. నేను చేపను పులుసులో తప్ప చూసిందాన్ని కాదు. కటిల్ ఫిష్ సిరా చిమ్ముతుందనీ, క్షణంలో ఒంటి రంగు మార్చేస్తుందనీ పుస్తకంలో చదివానంతే. మా ల్యాబ్‌లో ఉన్న ఒకే ఒక్కటి ఫార్మలిన్ సీసాలో పాలిపోయి, ఏ రంగూ లేకుండా పడి ఉండేది.

"వలలకీ తాళ్ళకీ దాని గుడ్లు గుత్తులుగా అంటుకుని వత్తాయే. అచ్చం నల్లద్రాక్షలే. గీకీసి సెత్తలో పారేత్తారు. అయ్యి బతికే ఉంటాయి గదా?" అంది నా స్నేహితురాలు.

మేడమ్ కళ్ళజోడు తీసి మమ్మల్ని చూసింది. "సముద్రపు జీవుల్ని ఈ ల్యాబ్‌లో పెంచుతారా? ఇక్కడ కప్పలే బతకవు. మార్కులు పోతాయమ్మా."

"పోతే పోనివ్వండి మేడమ్" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఆవిడ నవ్వాపుకుని, మూలనున్న గాజు తొట్టె కడుక్కోమంది.

హార్బర్‌లో మేం బకెట్టుతో నిలబడితే వాళ్ళమ్మ పకపకా నవ్వింది. "ఏటే, ఈ సెత్తనట్టుకెళ్తే కాలేజీలో మార్కులేత్తారా?" అంటూనే, వలలు బాగుచేసేవాళ్ళని అడిగి గుత్తులు తెచ్చి బకెట్లో వేసింది.

మొదటి గుత్తులు వారం తిరక్కుండానే కుళ్ళిపోయాయి. ల్యాబ్ తలుపు తీస్తే వాసన వరండా దాకా కొట్టింది. రెండోసారి తెచ్చినవీ అంతే. "సచ్చిపోనాయే, అన్నీ సచ్చిపోనాయి" అని ఆమె తొట్టె ముందే కూలబడింది. ఇంకా సమయముంది, టాపిక్ మార్చుకోండని మేడమ్ మెత్తగానే చెప్పింది.

మార్చుకోలేదు. ఆ మధ్యాహ్నమే నా స్నేహితురాలు చచ్చిన గుత్తిని కత్తెరతో చీల్చింది. లోపలి గుడ్లు ముందు కుళ్ళి, ఆ కుళ్ళు పైవాటికి పాకినట్టు కనిపించింది. "లోపలోటికి గాలాడ్డం లేదే" అంది. నేను నీళ్ళలో ఉప్పు ఎంతుందో కొలిచి చూశాను. సముద్రంలో కంటే చాలా ఎక్కువుంది. తల పైకెత్తి చూస్తే, తొట్టె మీదే గిరగిరా తిరుగుతున్న ఫ్యాను! నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేశాం. అంతవరకూ చావుకి కారణమే తెలియలేదు. ఇప్పుడు రెండు తెలిశాయి.

మూడోసారి ప్రతి గుడ్డునీ విడదీసి, కుట్టుదారంతో పుల్లలకి కట్టి నీళ్ళలో వేలాడదీశాం. ఎవరూ వేయకుండా ఫ్యాను స్విచ్ మీద ప్లాస్టర్ అంటించాం. రోజూ ఉప్పు కొలిచి, తగ్గిన నీళ్ళకి డిస్టిల్డ్ వాటర్ కలిపాం. కొత్త నీళ్ళకి పొద్దున్నే బీచ్‌కి వెళ్ళి, క్యాన్లు నింపుకుని బస్సెక్కేవాళ్ళం.

"ఏటమ్మా, నూనా?" అనడిగాడు కండక్టర్ ఒకరోజు.

"కాదు బాబూ, సముద్రం" అంది నా స్నేహితురాలు. బస్సంతా నవ్వింది.

ఈసారి గుడ్లు కుళ్ళలేదు. రోజురోజుకీ ఉబ్బాయి. ఉబ్బేకొద్దీ నలుపు పలచబడి, పొర అద్దంలా తేటపడింది. ఒక ఉదయం టార్చి వేసి చూస్తే లోపల రెండు చుక్కలు. చుక్కలు కావు, కళ్ళు. అవి కదిలాయి.

పిల్లలు బయటికొచ్చిన రోజు నేను పక్క గదిలో బోటనీ ప్రాక్టికల్స్‌లో ఉన్నాను. "ఒచ్చీసినాయే! ఒచ్చీసినాయి!" అని వరండా అదిరేలా కేక. చేతిలో స్లైడు అక్కడే వదిలేసి పరుగెత్తాను. బియ్యపుగింజంత కటిల్ ఫిష్‌లు, నీళ్ళలో గాలిపటాల్లా తేలుతున్నాయి. గోధుమరంగు, వెంటనే తెలుపు, మళ్ళీ మచ్చలు. ఒకటి గాజుకి తగిలి బెదిరి, ఇంకు పెన్ను విదిల్చినంత సిరా చిమ్మింది. మేడమ్ వచ్చి వంగి చూసి, ఎంతకీ తల ఎత్తలేదు. ఆ తర్వాత తనే వెళ్ళి ప్రిన్సిపాల్‌ని చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చింది. ఆ రోజు కామర్స్ వాళ్ళు కూడా మా ల్యాబ్ ముందు వరుస కట్టారు.

తిండి మరో పరీక్ష. అవి కదిలేదాన్నే తింటాయి. దోమతెర గుడ్డతో తీరంలో సన్నటి రొయ్యపిల్లల్ని పట్టి తెచ్చి వదిలాం. ఒక కటిల్ ఫిష్ పిల్ల కాసేపు గురిచూసి, రెండు పొడుగు చేతులు విసిరి రొయ్యని లాక్కుంది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం, క్రికెట్ చూస్తున్నట్టు.

మర్నాడు వాళ్ళమ్మ మొదటిసారి కాలేజీకి వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని. తొట్టె ముందు నిలబడి నోటి మీద చెయ్యేసుకుంది. "ఇన్నాళ్ళూ గీకీసినవి ఇయ్యా? ఎంత ముద్దుగున్నాయే తల్లీ!" అప్పట్నుంచీ హార్బర్‌లో గుత్తులు కనబడితే చాలు, బకెట్లో వేసి మాకు ఫోన్ చేసేది.

వైవాకి వేరే కాలేజీ నుంచి ఒక సారు వచ్చారు. నా స్నేహితురాలు క్లాసులో పెద్దగా మాట్లాడేది కాదు. ఆమె యాసకి వెనక బెంచీల్లో కిసుక్కుమనేవాళ్ళు. గుడ్లని ఎలా బతికించారో చెప్పమని సారు ఆమెనే అడిగారు. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టి, తడబడి, ఆగిపోయింది.

"నీకెలా వస్తే అలా చెప్పమ్మా" అన్నారాయన.

"నాను సెప్తాను సార్" అని మొదలెట్టింది. గుత్తి లోపల గాలాడకపోవడం, ఫ్యాను, ఉప్పు, దారాలు, రొయ్యపిల్లలు, అన్నీ చెప్పింది. మధ్యలో ఎవరూ నవ్వలేదు. సారు లేచి తొట్టె దగ్గరికెళ్ళి గాజుకి వేలు ఆనించారు. వేలికింద ఒక పిల్ల నల్లబడింది. "నేను చాలా ప్రాజెక్టులు చూశాను. ప్రాణంతో ఉన్నదాన్ని చూడ్డం ఇదే మొదలు" అన్నారు. ఆ ఏడు మా ఇద్దరికీ డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు.

వైవా తర్వాతి ఆదివారం నా స్నేహితురాలి నాన్న బోటులో హార్బర్ దాటి వెళ్ళాం. మేడమ్ కూడా వచ్చింది, లైఫ్ జాకెట్ వేసుకుని, బోటు అంచు చెక్క గట్టిగా పట్టుకుని. బకెట్ వంచితే పిల్లలు నీళ్ళలోకి జారాయి. ఒక్క క్షణం పచ్చటి నీటి మీద వాటి మచ్చలు కనిపించాయి. తర్వాత అవి నీటి రంగులోకి మారిపోయాయి. ఇక ఎంత వెతికినా కనపడలేదు. నా స్నేహితురాలు బోటు అంచున నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఈల వేసింది. మేడమ్ చెక్క వదిలేసి చప్పట్లు కొట్టింది.