మాట్లాడని జీపీఎస్

నాకు నత్తి. అన్ని అక్షరాలకీ కాదు. ‘ప’ దగ్గరా ‘బ’ దగ్గరా పెదవులు రెండూ అతుక్కుపోతాయి, ఎంత తోసినా విడివడవు. నేను పుట్టింది టెక్కలిలో, ఉద్యోగం చేసింది పలాస-కాశీబుగ్గలో, తిరిగిందంతా ఉద్దానంలో. పలాస, పూండి, పాతటెక్కలి, పల్లిసారథి, బారువ. ఆ ఊళ్లకు పేర్లు పెట్టినవాళ్లు నన్ను దృష్టిలో పెట్టుకోలేదు.

కాలేజీ రోజుల్లో నౌపడ స్టేషన్‌లో పూండికి టికెట్ అడగలేక, మందసకు టికెట్ కొని పూండిలో దిగిపోయేవాణ్ణి. ‘మ’ కూడా పెదవులతో పలికేదే గానీ, ఎందుకో దానితో నాకు పేచీ లేదు. మా నాన్న స్కూలు మాస్టారు. నేను ఆయన తరగతిలో ఉన్న ఏడాదంతా, పాఠం చదివే వంతు నాకు వచ్చేసరికి పక్కవాడి చేత చదివించేవాడు. నా మీద దయతోనే చేశాడు. ఆ దయంటే నాకు ఒళ్లు మండేది. ఇంట్లో వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాశారు. గులకరాళ్లు నోట్లో పెట్టుకుని మాట్లాడమన్నారు. పదిహేనేళ్లు వచ్చాక ఇంక ఏ మందూ నాకు వద్దని చెప్పేశాను.

ఐటీఐ చదివి కాశీబుగ్గలో కాటాలు బాగుచేసే షాపులో చేరాను. జీడి ఫ్యాక్టరీల్లోనూ, ఊళ్లలో జీడిపిక్కలు కొనే చోట్లా రాళ్ల త్రాసులు పోయి ఎలక్ట్రానిక్ కాటాలు వస్తున్న రోజులవి. వాటికి ఉప్పుగాలి పడదు, చీమలు పడవు. ఎక్కడ పాడైనా షాపువాళ్ల పాత మోటార్ సైకిల్ మీద పనిముట్ల పెట్టె కట్టుకుని నేను వెళ్లాలి. కాటా విప్పితే తప్పెక్కడుందో పట్టుకోవడం నాకు తేలిక. ఆ కాటా ఉన్న చోటికి చేరడమే కష్టం. ఉద్దానంలో కొత్తవాడికి దారులన్నీ ఒక్కలాగే ఉంటాయి. కొబ్బరితోట, జీడితోట, మధ్యలో ఇసక బాట, మళ్లీ కొబ్బరితోట. బోర్డులు ఉండవు. నోరు తెరిచి అడగాల్సిందే.

ఒక ఏడాది జీడిపిక్కల సీజన్ మంచి జోరు మీద ఉండగా పల్లిసారథిలో ఒక వ్యాపారి కాటా ఆగిపోయిందని కబురొచ్చింది. పిక్కల బుట్టలతో జనం వరసలో నిలబడి ఉన్నారట. నేను బయల్దేరి, మూడు బాటలు కలిసే చోట టీ బడ్డీ దగ్గర ఆగాను. బల్ల మీద కూర్చున్న ఒకాయన్ని అడగబోయాను.

“ప... ప...”

“పాతటెక్కలా? ఇలగెల్లి ఎడంపక్కకి తిరుగు,” అన్నాడు.

కాదని చెప్పాలంటే మళ్లీ ఆ ‘ప’ దగ్గరే మొదలుపెట్టాలి. బల్ల మీద వాళ్లంతా నా నోటి వంకే చూస్తున్నారు. తలూపి బండి తీశాను. తప్పుదారి అని తెలిసే వెళ్లాను, ముందు ఇంకెవరినైనా అడుగుదామని. ఆ ముందు కనబడినవాడు కూడా నా మాట తనే పూర్తి చేశాడు. నేను పల్లిసారథి చేరేసరికి వరసలో ఒక్కరూ లేరు. బుట్టలన్నీ ఇంకో వ్యాపారి దగ్గరికి వెళ్లిపోయాయి. ఈయన నన్నేమీ అనలేదు. కాటా బాగుచేస్తుంటే నా ముందే మా ఓనరుకి ఫోన్ చేసి అన్నీ ఆయన్నే అన్నాడు.

సాయంత్రం ఓనరు నన్ను కూర్చోబెట్టాడు. మంచి మనిషే.

“ఓరె, నీ పనికి ఒంక పెట్టనక్కర్లేదు. నోటితోటే సిక్కు. రేపట్నుంచి మన సామాన్లు దించే మావని ఎనకాల కూకోబెట్టుకెల్లు. దారి ఆయన అడుగుతాడు. నువ్వు కాటా సూడు.”

“అక్కర్లేదు,” అన్నాను.

“మరేటి సేత్తావు? సెల్లిచ్చాను గదా, కొట్టి అడగవేటి?”

ఫోన్ ఇంకా అన్యాయం. ఎదురుగా ఉన్నవాడికి కనీసం నా పెదవులు కనపడతాయి. ఫోన్‌లో నేను ఆగితే అవతలివాడు హలో హలో అని పెట్టేస్తాడు. ఆ సంగతి ఆయనకు వివరించే ఓపిక లేక, “ఏదో ఒకటి సేత్తాను. మావ మాత్రం నాకొద్దు,” అని లేచాను. నా తరఫున ఇంకో మనిషి మాట్లాడడం నా చిన్నప్పుడే చాలినంత జరిగింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు భావనపాడులో చేపలు తూచే కాటా చూడడానికి వెళ్లాను. దాని ఓనరుకి ఒక బోటు కూడా ఉంది. నేను కాటా విప్పుతుంటే ఆయన పక్కన కూర్చుని అరచేతిలో పట్టే ఒక నల్లటి యంత్రానికి పెన్సిల్ సెల్స్ మారుస్తున్నాడు.

“ఇదేటి?” అన్నాను.

“జీపీయెస్సు. ఏటకెల్లిన సోటు నొక్కి పెట్టుకుంటాం. మల్లీ ఎల్లాలంటే బాణం గుర్తు సూపిత్తాది. ఎంత దూరముందో కూడా అంకె ఏత్తాది.”

“నేల మీద అయినా?”

“ఆకాశం అగుపడితే సాలు. సముద్రంలో ఎవుల్ని అడుగుతాం బావా, మాకు ఇదే గతి,” అన్నాడు.

ఆయన ఏ ఉద్దేశమూ లేకుండా అన్న మాటే. నేను దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూస్తూ, చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

అలాంటిది కొంటానంటే మా బావ, అంటే మా అక్క భర్త, ఆ డబ్బు పెట్టి నత్తికి మంచి డాక్టరుకి చూపించుకోమన్నాడు. మా ఓనరు నవ్వి, బండికి జీపీఎస్ ఏమిటన్నాడు. సీజన్ అయ్యాక ఒక శనివారం విశాఖపట్నం బస్సెక్కాను. అడగాల్సినవన్నీ ముందే కాగితం మీద రాసుకున్నాను. వానకి ఆగుతుందా, ఎండలో కనపడుతుందా, సెల్స్ ఎన్ని గంటలు వస్తాయి, ఎన్ని పాయింట్లు, అంటే చోట్లు, దాచుకుంటుంది, పడితే పగులుతుందా. నోరు తెరవకుండా కాగితం చూపించి కొనుక్కొద్దామని నా ఆలోచన.

జీపీఎస్‌లు అమ్మే షాపులో కుర్ర సేల్స్‌మన్ కాగితం చదవకుండానే ఒక పెద్ద రంగుల యంత్రం తీసి ఆన్ చేశాడు. కార్లలో పెట్టుకునేది.

“ఇది తీసుకోండి సర్. మ్యాపు ఉంటుంది. పైగా మాట్లాడుతుంది. కుడికి తిరగండి, ఎడమకి తిరగండి అని అదే చెబుతుంది.”

అందులోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పింది. కాగితం మూల ‘పలాస’ అని రాసి, చూపించమని సైగ చేశాను. హైవే గీత వచ్చింది, రైల్వే స్టేషన్ వచ్చింది. సముద్రం వైపు జరిపితే తెర మీద ఏమీ లేదు. పూండి నుంచి ఒడ్డు దాకా ఒట్టి లేతరంగు.

“అటు వైపు ఏమీ లేదు సర్,” అన్నాడు.

“ఊళ్లున్నాయి.”

“మ్యాపులో లేవు సర్.”

“ఉన్నాయి. నేను రోజూ అక్కడికే వెళ్తాను,” అన్నాను. నా మాట నాకే గట్టిగా వినిపించింది.

అద్దాల బీరువాలో కింది అరలో భావనపాడులో చూసినలాంటిదే ఉంది. చూపించాను. అతనికి దాన్ని తీయడం ఇష్టం లేదు.

“అది బోట్లవాళ్లు కొంటారు సర్. మ్యాపు రాదు, రంగుల్లేవు, మాట్లాడదు. బాణం గుర్తొకటే.”

దాని ధర, ఆ మాట్లాడేదాని ధరలో సగం కూడా లేదు. అయినా నా జీతం రెండు నెలలది. తీసుకునే ముందు అన్నీ తెలుసుకోవాలనుకుని కాగితం ముందుకు తోశాను. అతను దాని మీద చెయ్యి పెట్టి నా మొహంలోకే చూస్తున్నాడు. సరేనని అడగబోయాను.

“ఎన్ని ప... ప...”

“పైసలా సర్? డిస్కౌంటా?” అన్నాడు, చెవిటివాడితో మాట్లాడినట్టు ఒక్కో ముక్కా విడదీసి.

నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. చేతిలో పెన్నుంది. రాసి చూపిస్తే అయిపోతుంది. ఆ పెన్ను జేబులో పెట్టేశాను.

“ఆగండి. నేనే చెబుతాను.”

ఎంతసేపు పట్టిందో తెలియదు. వెనకాయన దగ్గాడు. నా మెడ బిగిసింది, కళ్లు మూసుకుపోయాయి. అయినా వదల్లేదు. “ఎన్ని పాయింట్లు దాచుకుంటుంది?” అని మొత్తం నా నోటితోనే అడిగాను.

“ఐదొందలు సర్,” అన్నాడతను నెమ్మదిగా.

మిగతావన్నీ కూడా నోటితోనే అడిగాను. ఆ తర్వాత రెండు యంత్రాలూ ఎండలోకి తెమ్మన్నాను. బయటికి ఇవ్వం అన్నాడు. లోపల ఆకాశం కనపడదు కదా, చూడకుండా కొనను అని చెప్పి కౌంటరు దగ్గరే నిలబడ్డాను. చివరికి అతనే రెండూ పట్టుకుని నాతో పేవ్‌మెంటు మీదికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. రంగుల తెర మీద నా మొహం తప్ప ఇంకేమీ కనపడలేదు. చవకదాని మీద బూడిదరంగు అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ఉపగ్రహాలు అందడానికి పది నిమిషాలు పట్టింది. అతను చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేనూ కదల్లేదు. అదే కొన్నాను.

పాడైన కాటా రేకు ముక్క వంచి, సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి, హ్యాండిల్ మీద దానికి గూడు చేశాను. మొదటి వారం గతుకు వచ్చినప్పుడల్లా సెల్స్ కదిలి ఆరిపోయేది. మూత కింద అట్టముక్క మడిచి పెడితే ఆగింది. కొబ్బరితోటల్లో బాగా పనిచేసేది. జీడిచెట్లు గుబురుగా ఉన్న చోట ఉపగ్రహాలు పోయేవి. అప్పుడు ఖాళీ జాగా వచ్చేదాకా నెమ్మదిగా నడపాలి. వెళ్లిన ప్రతి ఊరూ, ఊళ్లో ప్రతి కాటా ఉన్న ఇల్లూ నొక్కి పెట్టుకున్నాను. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే కొట్టాలి. వేలికి నత్తి లేదు. పల్లిసారథి మొదటి అక్షరం ఒక్క నొక్కుతో పడింది. ఆ రోజు చెరిపేసి మళ్లీ కొట్టాను, ఊరికే.

అది చూపించేది దిక్కు మాత్రమే, దారి కాదు. ఒకసారి ఎప్పుడూ వెళ్లే బాట కాకుండా సముద్రం వైపు నుంచి పల్లిసారథికి వస్తున్నాను. బాణం సూటిగా ఒక ముళ్లకంపలోకి చూపిస్తోంది. దూరం ఏడొందల మీటర్లు. బండి ఆపి చూస్తున్నాను. కంప పక్కన చెట్టు కింద ఒక ముసలామె పండ్ల నుంచి పిక్కలు తెంపుతోంది.

“ఎవులింటికి బాబూ?” అంది.

అడగాల్సిన అవసరం నాకు లేదు. చుట్టూ తిరిగితే ఎక్కడో సందు దొరుకుతుంది, బాణం ఎలాగూ ఉంది. అందుకేనేమో భయం వేయలేదు.

“ప... ప... ప...”

ఆమె పిక్కలు తెంపుతూనే ఉంది. నాలుగైదు పండ్లు అయ్యాయి. నా నోటి వంక చూడలేదు, మాట అందించలేదు.

“పల్లిసారథి.”

“ఈ కంప ఎనకాలే. కుడిపక్కన బండి పోయేంత సందున్నాది, సూసుకెల్లు.”

ఆ రోజు నుంచి నేను ఒక పని మొదలుపెట్టాను. దారి తెలిసిన చోటే ఆగి దారి అడగడం. జవాబు నాకు అక్కర్లేదు కాబట్టి తొందర ఉండేది కాదు. ఎవరైనా మాట అందించబోతే, సరైన ఊరి పేరే అందించినా సరే, “ఉండు, నాను సెప్తాను,” అనేవాణ్ణి. కొందరు నవ్వారు. కొందరు చిరాకుపడి అటు తిరిగిపోయారు. నేను మాత్రం ఊరి పేరు పూర్తిగా అన్నాకే బండి తీశాను. పూండి రైల్వే గేటు దగ్గర రోజూ చూసే పాన్ షాపాయన ఒకసారి అడిగాడు.

“ఏటి బావా, నిన్ననే గదా ఆ ఊరెల్లావు. మల్లీ దారడుగుతున్నావేటి?”

“నాకు అడగాలనుంది,” అన్నాను. ఆయన దారి చెప్పాడు.

నత్తి తగ్గలేదు. ఇప్పటికీ ఉంది. తగ్గడం కోసం నేనా పని చేయలేదు.

యంత్రం కొన్న మూడో ఏడు మందస అవతల, కొండల దగ్గర కొత్తగా పెట్టిన జీడి ఫ్యాక్టరీలో పెద్ద కాటా తప్పు తూస్తోందని ఫోన్ వచ్చింది. ఫోన్ పెట్టాక మా ఓనరు నా వైపు చూడకుండా, “మాటాడగలిగినోడిని పంపమంటున్నాడ్రా. ఈసారి ఇంకొకడిని పంపుతాన్లే,” అన్నాడు.

నేను పనిముట్ల పెట్టె తీసుకెళ్లి బండికి కట్టాను. ఆయన గుమ్మం దాకా వచ్చాడు గానీ ఆపలేదు.

ఆ చోటు నా యంత్రంలో లేదు. దారిలో మూడు చోట్ల ఆగి నిజంగానే అడిగాను. రెండు చోట్ల మాట అందించారు, రెండు చోట్లా ఆపించి నేనే చెప్పాను. ఫ్యాక్టరీ యజమాని నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూశాడు.

“ఇంకెవులూ రాలేదా?”

“లేదు. నేనే.”

కాటా బాగానే ఉంది. దాన్ని పెట్టిన చోటే బాగాలేదు. సరిగ్గా తల మీద సీలింగ్ ఫ్యాన్, ఒక అంచు గోడకి ఆనుకుని ఉంది. జరిపి, మట్టం సరిచేసి, తూకం రాళ్లు పెట్టి తూచి చూపించాను. ఇక ఎందుకలా అయిందో చెప్పాలి. ‘ఫ’ కూడా నాకు ‘ప’ లాంటిదే, ‘ఫ్యాన్’ దగ్గర ఆగిపోయాను. పక్కన గుమస్తా, “ఫ్యానా?” అన్నాడు. చెయ్యి ఎత్తి ఆపాను. ఫ్యాన్ గాలి పళ్లెం మీద పడితే అంకె ఎందుకు ఆడుతుందో, అంచు గోడకి తగిలితే బరువు ఎందుకు తక్కువ చూపిస్తుందో, రోజూ పొద్దున్న ఏం చూసుకోవాలో అన్నీ చెప్పాను. యజమాని రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. నేను తొందరపడలేదు. ఆ మాటలకు ఎంతసేపు పట్టాలో అంతసేపూ పట్టింది. ఆయన టీ ఇప్పించలేదు. కాగితం మీద సంతకం మాత్రం పెట్టాడు.

బండి దగ్గరికి వచ్చి, స్టార్ట్ చేసే ముందు ఆ చోటు కూడా యంత్రంలో నొక్కి పెట్టుకున్నాను. మళ్లీ రావాల్సింది నేనే కదా.