అన్నయ్య చెప్పిన చట్టం

సాయంత్రం అయిదున్నరకు అన్నయ్య దర్శి కోర్టు నుంచి వచ్చి నల్లకోటు మేకుకు తగిలించాడు. అరుగు మీద ఒక కౌలురైతు ఏడుస్తున్నాడు. కాగితం లేకుండా ఏళ్ల తరబడి దున్నిన చేను యజమాని లాక్కున్నాడట.

"ఇది న్యాయమేనా అయ్యా?"

అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, ఎప్పుడూ అనే మాటే అన్నాడు. "న్యాయం దేవుణ్ణి అడుగు. నన్ను చట్టం అడుగు."

కఠినమైన మాటే. అయినా అందరికీ ఒకటే కదా అని నమ్మాను.

నాన్న వీలునామా రాయకుండా పోయాక, మిరపచేలో నా వాటా అడిగాను.

"ఆడపిల్లవి, నీకు పొలమెందుకే? ఆచారమంటూ ఒకటుంది."

"చట్టంలో ఉంది కదన్నయ్యా."

"మనింటి సంగతి చట్టానికేం తెలుసే?"

ఈసారి కళ్ళజోడు తియ్యలేదు.

పుట్టింటి కారమని అన్నయ్య ఆ చేని మిరపకాయలు ఏటా చిలకలూరిపేటలోని మా ఇంటికి పంపేవాడు. అన్నయ్య పోయాక వదినా పంపుతోంది. మా ఇంట్లో ఆ కారంతో ఆవకాయ పెట్టడం లేదు.